పొద్దు పొడిచేటప్పటికి రమ్మన్నాను

నిన్న మా నేతగాళ్ళ గుంపు నుంచి ఫోనుకు పిలుపు వచ్చింది. చేతిమగ్గం నేసేవాళ్ళూ, నేతంటే ప్రాణం పెట్టేవాళ్ళూ ఎక్కడెక్కడి దేశాల నుంచో చేరిన గుంపు అది. బడిపంతులమ్మగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు ఎవరో ఒక్క నొక్కు నొక్కితే చాలు, జపానులో ఇన్ని గంటలకు, ధర్మవరంలో ఇన్ని గంటలకు అని ఎవరి వేళ వాళ్ళకు ఫోనే చెప్పేస్తోంది. పొరపాటు పడదామన్నా వీల్లేదు. ఈ గుంపును మొట్టమొదట పిలిచినప్పుడు నేను వెలగబెట్టిన నిర్వాకం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నా ఈడువాళ్ళ దగ్గర సిగ్గేముంది, చెబుతాను.

మా చిన్నతనంలో వీధిలో పడుగు, అదే చీర నిలువుపోగులు, చాపాలంటే మా నాయన ముందురోజు సాయంత్రం ఇంటింటి గడప ముందూ నిలబడి "రేపు పొద్దు పొడిచేటప్పటికి రాండప్పా" అని ఒక్క మాట చెప్పి వచ్చేవాడు. గంటల ఊసే లేదు, అసలు మా ఇంట్లో గడియారమే లేదు. మా అనంతపురం మెట్టల మీద పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, గాలితో పాటు ఎర్రదుమ్ము లేస్తుంది, ఇక పట్టుపోగులు చిక్కులు పడి మనిషి ఓపికను పరీక్షిస్తాయి. అందుకని తెల్లారేసరికి వీధి వీధంతా అక్కడే ఉండేది. ఆ చివర నుంచి ఈ చివరకు పడుగు సాగదీసి పట్టుకుంటే, మధ్యలో ఆడవాళ్ళు తెగిన పోగులు ముడేసుకుంటూ పోయేవాళ్ళు. ఎవరైనా పనంతా అయిపోయాక కళ్ళు నులుముకుంటూ వచ్చినా సరే, నాయన వాళ్ళ చేతిలో ఏదో ఒక కర్రో కట్టో పెట్టేవాడు. పిలిస్తే వచ్చిన మనిషిని పని లేదు పొమ్మంటే అవమానించినట్టేనని ఆయన పట్టుదల. ఆ పట్టుదల మా అన్నకు కూడా వచ్చింది.

అన్న చేతిలో ఒక విద్య ఉండేది. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చాక, దాని చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. దాన్ని మేము అచ్చు అతకడం అంటాం. వేల పోగులుంటాయి, ఒక్కటి జారినా చీరలో గీత పడుతుంది. అన్న వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని కూర్చున్నాడంటే, ఆయన మెలిపెట్టిన పోగు తెగేదే గానీ జారేది కాదు. అలాంటి చేతులకు వణుకు పట్టుకుంది. ఇంక ఇదే నా ఆఖరి అతుకు అని ఒకరోజు తేల్చి చెప్పేశాడు. కొడుకులిద్దరూ చీరల అంగడి పెట్టుకున్నారు. కోడలు మగ్గం నేస్తుంది గానీ, మామ ఉన్నాడు కదా అని అతుకు జోలికి పోలేదు. ఆ విద్య ఆయన వేళ్ళతోనే పోతుందే అన్న దిగులుతో నాకు అన్నం సయించేది కాదు. అందుకే, ఆ ఆఖరి అతుకును మా గుంపంతా ఫోను తెరలో చూసి నేర్చుకోవాలని పట్టుబట్టాను. అన్న కసురుకున్నాడు. "పక్కింటోళ్ళే రారు, ఆ దేశాలోళ్ళు యాడొస్తారు పాపా, నీ పిచ్చి గానీ!" అన్నాడు.

అయినా నేను పిలుపు రాశాను. ఉగాది వెళ్ళిన ఆదివారం, మీ మీ దారాలు దగ్గర పెట్టుకుని, పొద్దు పొడిచేటప్పటికి రండి అని, నాయన మాటనే వచ్చీరాని ఇంగ్లీషులో పెట్టి పంపించాను. నా తలకాయలో పొద్దంటే మా వీధి పొద్దే!

ఆదివారం తెల్లవారుజామున ఫోను తెరిచి చూద్దును గదా, జపాను ఆమె అప్పటికే తెరలో కూర్చుని ఉంది. వాళ్ళ ఊళ్ళో పొద్దు పొడిచి నాలుగు గంటలైందట. మేమెవరమూ కనిపించకపోయినా, పిలిచినవాళ్ళు రాకుండా పోతారా అని దారాలు ముందేసుకుని ఒక్కతే అలాగే కాచుకుని ఉందట. నాకు తల కొట్టేసినట్టయింది. విషయం తెలిసి అన్న ఒకటే నవ్వు. "ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకు భూగోళం చెప్తివి గదా పాపా, ఇదేనా నువ్వు చెప్పింది?" అని ఏడిపించాడు.

ఆ ఏడిపింపు ఎంతసేపో లేదు. ఆమెకు చూపిస్తూ అన్న అతుకు మొదలుపెట్టి, రాగిసంకటి తిందామని లేవబోతుండగా, వాళ్ళ ఊళ్ళో తెల్లవారిందంటూ మస్కట్ నుంచి ఒకాయన వచ్చాడు. పది గంటలకు జర్మనీ దంపతులు వచ్చారు, వాళ్ళ కిటికీలో అప్పుడే లేత ఎండ పడుతోంది. సాయంత్రం మా ఇంటి నీడ వీధి దాటే వేళకు పెరూ దేశపు మగ్గంపని ఆయన, వెనకాల కోళ్ళు కూస్తుండగా, దండం పెడుతూ తెరలోకి వచ్చాడు. నేను మంచం పట్టె మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఎన్ని పటాలు గోడకు తగిలించాను, ఎంతమంది పిల్లలకు భూమి గుండ్రంగా ఉంటుందని వల్లె వేయించాను! అది నిజంగా తిరుగుతోందని, ఒకరి వాకిలి తర్వాత ఒకరి వాకిట్లో పొద్దు పెడుతూ పోతోందని ఆ రోజే నా కళ్ళతో చూశాను.

అంతకంటే అబ్బురం మా అన్న. వణికే చేతులతో పని ఎలాగూ మెల్లగానే సాగుతోంది, ఆపైన వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక చిటికెడు పోగులు విడిగా తీసిపెట్టి, ఇది ఫలానావాళ్ళది అని చెప్పి, వాళ్ళు తమ దారాలతో మెలిపెట్టేదాకా ఆగి చూసేవాడు. దీపాలు పెట్టే వేళకు ఆఖరి పోగు కూడా కలిసిపోయింది. హమ్మయ్య అని ఆయన నడుము నిమురుకుంటుంటే కెనడా పడమటి ఒడ్డు నుంచి ఒక నడివయసు ఆమె, నిద్రమొహంతో, చేతిలో ఉన్నిదారాలతో ప్రత్యక్షమైంది. అయ్యో, అంతా అయిపోయిందమ్మా అని నేను చెప్పబోయాను.

అన్న చెయ్యెత్తి నన్నాపాడు. "ఆయమ్మకు పొద్దు ఇప్పుడే పుట్టినాది. అయిపోయినాదని యట్లా చెప్పేది?" అని కత్తెర తీసుకుని, రోజంతా కష్టపడి అతికిన పోగుల్లోంచి ఒక చిటికెడు పట్టుకుని కత్తిరించేశాడు. నేను కేక పెట్టాను. జన్మలో తెగిన పోగు అతికినవాడే గానీ, అతికిన పోగు తెంపినవాడు కాదు. మళ్ళీ బూడిద అద్దుకుని, ఆమె కోసం ఒక్కో మెలినీ మూడేసి సార్లు చూపించాడు. ఆమె దారం రెండుసార్లు జారింది. మూడోసారి మెలిపెట్టి గట్టిగా లాగింది, జారలేదు. మా అన్న కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు. "పట్టినాది పాపా, పట్టినాది" అన్నాడు.

అన్న పోయి రెండేళ్ళయింది. ఒక్క పిలుపుకు వీధంతా కదిలివచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మా వీధిలో అచ్చు అతకగల చెయ్యి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ కెనడా ఆమె మాత్రం ఆ రోజు చూసిన మెలిని తన మగ్గం మీద సాధన చేస్తూ నిలుపుకుంది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చిందంటే అన్న కోడలు నా దగ్గరికి వచ్చి "అత్తా, ఆ కెనడా యమ్మను రొంత పిలువు, మెలి యాడనో తప్పుతాంది" అంటుంది. నట్టింట్లో ఉన్న విద్యను సముద్రాల అవతల అడుక్కోవలసి వచ్చిందే అని ఒకపక్క ఏడుపు వస్తుంది, అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు కదా అని మరోపక్క దండం పెట్టాలనిపిస్తుంది. కోడలు నేర్చుకుంటుంటే నేను తెరలో ఆ కెనడా ఆమె వేళ్ళకేసి చూస్తూ కూర్చుంటాను. మెలి పూర్తయ్యాక పోగును బొటనవేలితో ఒకసారి నిమిరి వదలడం మా అన్న అలవాటు. దానివల్ల అతుకుకు ఒరిగేదేమీ లేదు. ఆమె అది కూడా చేస్తుంది.