పరాయి ఫోనులో ఆరంకెలు

ఆస్పత్రి లాండ్రీలో ఆమెను అందరూ రోలరక్క అంటారు. ఉతికి పిండిన తడి దుప్పట్లను ఆవిరి రోలరు నోటికి అందించడం ఆమె పని. రెండో కొస పట్టుకుని ఎదురుగా నిలబడేది మడతల వదిన. ఇద్దరూ కలిసి ఒక్క విదిలింపు విదిలించి, అంచులు సమం చేసి, ముడత పడకుండా లోపలికి వదలాలి. కొస అంగుళం పక్కకు జరిగినా దుప్పటి మొత్తం వంకరగా ఇస్త్రీ అయి బయటికొస్తుంది. పదకొండేళ్లలో ఆమె చేతి మీదుగా వంకర దుప్పటి ఒక్కటీ వార్డుకు వెళ్లలేదు. ఆమె ఎవరో చెప్పడానికి ఆ దుప్పట్లు చాలవని మాత్రం ఈ సంవత్సరమే తేలింది.

సోమవారం ఉదయం ఉద్యోగుల దస్త్రాలు చూసే ఆయన, అంటే లాండ్రీ మొత్తం కాగితాల సారు అని పిలుచుకునే మనిషి, ఆమెను గాజు గదిలోకి పిలిచాడు.

“గురువారం సాయంత్రం అయిదింటికల్లా నీ ఆకుపచ్చ టిక్కు నా కంప్యూటర్లో పడాలి. పడకపోతే శుక్రవారం నిన్ను గేటు లోపలికి రానిచ్చినందుకు నా మీద కేసు పెడతారు.”

“వీసా కార్డు ఉంది కదా సార్? ఇంకా రెండేళ్లు చెల్లుతుంది.”

“కార్డులు రద్దయ్యాయమ్మా. ఇప్పుడంతా ఫోనులోనే.”

నియమం చదవడానికి సులువుగానే ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన ప్రతి కార్మికుడూ ప్రభుత్వ యాప్ తెరవాలి, తన నంబరుకు వచ్చే ఆరంకెల కోడ్ కొట్టాలి, కెమెరాకు ముఖం చూపాలి. అప్పుడు టిక్కు వస్తుంది. టిక్కు లేనివారిని పనిలో ఉంచుకోవడం యజమానికి నేరం. పని పోయిననాడే వీసా పోతుంది, ఎందుకంటే ఆ వీసా ఆ పని కోసం ఇచ్చినది. రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె భర్త వీసా ఆమె వీసాకు అంటుకుని ఉంది, మూడో తరగతి చదివే కూతురిదీ అంతే. చట్టం భాషలో వాళ్లిద్దరూ ఆమె ఆధారితులు. “కాగితాల్లో నేను నీ తోకనే” అని ఆయన ఎప్పుడూ నవ్వేవాడు. సోమవారం సాయంత్రం మాత్రం నవ్వలేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఆరంకెలు వెళ్లే నంబరు ఆమెది కాదు.

ఆమె చేసిన నేరం ఏమీ లేదు, ఆ రోజుల్లో లాండ్రీలో అందరూ చేసిందే చేసింది. రోలరు దగ్గర ఫోను ఉండకూడదన్నది అక్కడి కట్టుబాటు, చేతులతో పాటు చూపు కూడా దుప్పటి మీదే ఉండాలి కనుక. పనిచేసే చోట మోగే ఫోను ఒక్కటే ఉండేది, మేస్త్రి చొక్కా జేబులో. అందుకే ఆమెతో కలిపి ఆ ఏడు వచ్చిన తొమ్మిదిమందీ ప్రతి దరఖాస్తులోనూ మేస్త్రి నంబరే రాశారు. బడి నుంచి వచ్చినా, వీసా ఆఫీసు నుంచి వచ్చినా కబురు ఆయనకే చేరేది. ఆయన గుమ్మంలో నిలబడి “రోలరమ్మా, నిన్ను సర్కారు తలుచుకుంది!” అని కేకేసేవాడు. తర్వాత ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది తలో దిక్కుకూ వెళ్లిపోయారు. మేస్త్రీ రిటైరై సొంత ఊరు చేరాడు, నంబరు వదిలేశాడు, ఫోను కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇచ్చింది. సర్కారు మాత్రం పాత దస్త్రాలను తెచ్చి కంప్యూటర్లో పోసింది. ఈ నంబరు నీదేనా అని ఒక్కరినీ అడగలేదు.

మంగళవారం విరామంలో ఆమె సహాయ కేంద్రానికి ఫోను చేసింది.

“నంబరు మార్చుకోవాలంటే ముందు లాగిన్ అవ్వాలి మేడమ్.”

“ఎలా అవ్వాలమ్మా?”

“మీ నంబరుకు వచ్చిన కోడ్ కొట్టండి.”

“ఆ నంబరు నాది కాదనే కదా తల్లీ నా ఏడుపు!”

“అయితే మార్చుకోండి మేడమ్.”

“ఎలా?”

“ముందు లాగిన్ అవ్వాలి.”

పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని పెట్టెలోనే పడేసి, తెరవలేకపోవడం నీ తప్పు అని రాసుకున్న నియమం ఇది. దాన్ని రాసినవాడికి జీతం ఉంది, పింఛను ఉంది, తన పేరు మీద ఫోను ఉంది.

మిగిలింది ఒకే దారి. ఆమె మేస్త్రి పాత నంబరుకే చేసింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

“మళ్లీ మేస్త్రి కోసమేనా? లేడు! ఎన్నిసార్లు చెప్పాలి!”

“మేస్త్రి కోసం కాదండీ. మీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి, అవి కాస్త చదివి చెప్తారా?”

“ఓహో! నా మొహాన వెర్రిబాగులదని రాసి ఉందా? కోడ్ ఎవరికీ చెప్పొద్దని ఈ సర్కారే రోజూ చెవి కోసిన మేకలా అరుస్తోంది. పెట్టేయ్!”

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. చెప్పొద్దన్నదీ సర్కారే, చెప్పించుకోక తప్పని స్థితికి తెచ్చిందీ సర్కారే.

బుధవారం పొద్దున భర్త అన్నాడు, “బతిమాలకు, జరిగింది జరిగినట్టు చెప్పు. దొంగలకి కథ గబగబా వస్తుంది, నీకు రాదు. ఆవిడకి అర్థమవుతుంది.” విరామంలో ఆమె మళ్లీ ఆవిడకు ఫోను చేసి అలాగే చెప్పింది, తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి.

“నేను బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేదాన్ని, అమ్మాయ్” అంది పెద్దావిడ. “ముప్పయ్యేళ్లు. టికెట్టు లేనివాళ్లని చూశాను, దొంగ టికెట్టువాళ్లని చూశాను. టికెట్టు తనదే అయి, జేబు మాత్రం ఇంకొకరిదవడం ఇప్పుడే వింటున్నా. సరే, కొట్టు.”

కోడ్ ఆయుష్షు రెండు నిమిషాలు. మొదటిసారి కళ్లజోడు వెతుక్కునేలోపు అది చచ్చిపోయింది. రెండోసారి పెద్దావిడ చదివింది గానీ అది మొదట వచ్చిన సందేశం. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఇంకొక్కసారి తప్పితే ఇరవై నాలుగు గంటలు మూత. గంట మోగింది. ఆమె ఫోనును లాకరులో పెట్టి రోలరు దగ్గరికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం పదకొండేళ్లలో మొదటిసారి ఒక దుప్పటి వంకరపోయింది. మడతల వదిన దాన్ని ఎవరి కంటా పడకుండా మళ్లీ తడి బుట్టలోకి తోసేసి, “ఏం చూడలేదులే, నీ కొస జరిగితే నా కొస కూడా ఆగట్లేదు” అంది.

గురువారం భోజనాల వేళ బట్టలు మార్చుకునే గదిలో ఆమె పెద్దావిడకు ఫోను కలిపి గోడకానుకుని కూర్చుంది. పక్కన మడతల వదిన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

“కళ్లజోడు పెట్టుకున్నారా అండీ?”

“మెడలో తాడు కట్టుకుని మరీ వేలాడదీశా. పాతవన్నీ చెరిపేశా. కానియ్.”

ఆరంకెలూ ఒక్కొక్కటిగా వచ్చాయి, బస్సు నంబరు చదివినట్టు గట్టిగా. యాప్ తెరుచుకుంది. ఆవిరికి ఎర్రబడిన ముఖాన్ని కెమెరా రెండుసార్లు కాదంది, మూడోసారి ఒప్పుకుంది. ఆకుపచ్చ టిక్కు పడింది. మడతల వదిన ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

టిక్కు కిందే ఇంకో మీట ఉంది: నంబరు మార్చు. ఆమె ఆత్రంగా నొక్కింది. ఒక హెచ్చరిక వచ్చింది. మార్పును పరిశీలించడానికి అరవై పనిదినాల వరకు పట్టవచ్చు, ఆ కాలంలో టిక్కు కనబడదు, స్థితి ‘పరిశీలనలో ఉంది’ అని ఉంటుంది. ఫోను పట్టుకుని గాజు గదికి పరుగెత్తింది.

“పరిశీలనలో ఉందంటే పనిలో ఉంచుతారా సార్?”

కాగితాల సారు తల అడ్డంగా ఊపాడు. “టిక్కు లేదంటే లేనట్టేనమ్మా. నిన్ను ఆపాలి. పని ఆగితే ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.”

“మరి నంబరు ఎప్పుడు మార్చుకోవాలి?”

“పనిలో లేనప్పుడు.”

“పనిలో లేకపోతే దేశంలోనే ఉండను కదా సార్!”

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. చెడ్డవాడేమీ కాదు, చూడలేకే తిరిగాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ తేడా ఏమిటంటే, రెండు కోపాలూ పడేది ఆమె మీదే. ఆమె ‘రద్దు’ నొక్కింది. టిక్కు మిగిలింది. దాని కింద చిన్న అక్షరాల్లో: తదుపరి తనిఖీ నూట ఎనభై రోజుల్లో.

పెద్దావిడకు ధన్యవాదాలు చెబుదామని ఫోను చేసింది.

“గట్టెక్కావుగా? సంతోషం. అన్నట్టు వచ్చే నెల మా అల్లుడు కొత్త ఫోను కొనిస్తానన్నాడు, కొత్త నంబరుతో. ఈ పీడ వదిలిపోతుంది నాకు.”

“వద్దండీ!” గొంతు తనది కాదనిపించేంత గట్టిగా వచ్చింది. “పెద్దమ్మగారూ, మీ కాళ్లు పట్టుకుంటా, ఆ నంబరు వదలకండి. ఆర్నెల్లకోసారి తనిఖీ ఉంటుందట. నేను మార్చుకోలేను.”

“అంటే? నేను బతికున్నన్నాళ్లూ ఇది మోయాలా?”

ఆమె ముక్కు ఎగబీల్చింది.

“ఏడవకు. ఉంచుతాలే. పాత డబ్బా ఒకటి మూల పడుంటే నాకేం బరువు?” అంది పెద్దావిడ. “కానీ అమ్మాయ్, నాకు డెబ్బై ఆరేళ్లు.”

అవతల ఊపిరి కొంచెం పిల్లికూతలా వినబడుతోంది. ఇన్నిసార్లు మాట్లాడినా రోలరక్క ఆ చప్పుడు ఇప్పుడే విన్నది.

“మందులు వేసుకుంటున్నారా అండీ?”

“బీపీవి వేసుకుంటా. షుగరువి మర్చిపోతుంటా.”

“మర్చిపోకండి. రేపటి నుంచి పొద్దున్నే ఎనిమిదింటికి నేను ఫోను చేసి గుర్తుచేస్తాను.”

“మా అమ్మాయికే లేదు ఈ శ్రద్ధ!” అని పెద్దావిడ మురిసిపోయింది.

శుక్రవారం ఎనిమిదింటికి లాకరు ముందు నిలబడి ఆమె ఫోను చేసింది. ఆరుసార్లు మోగింది. ఆ ఆరు మోతల్లోనూ ఆమె ఊపిరి బిగబట్టే ఉంది. అది ప్రేమో భయమో రాసుకోవడానికి సర్కారు యాప్‌లో గడి లేదు. ఆమెకూ తేలలేదు.

“వేసుకున్నానే తల్లీ, వేసుకున్నా” అంది అవతలి గొంతు.