వారసులు లేరని రాసిన చెయ్యి

తాతను రెండో ప్రపంచ యుద్ధం పనికి తీసుకుపోయేనాటికి మా నాన్న ఇంకా కడుపులోనే ఉన్నాడు. తుపాకీ పట్టడానికి కాదు, అస్సాం వైపు రోడ్లు వేయడానికి. మళ్లీ రాలేదు. చచ్చాడన్న కబురూ రాలేదు. మావాళ్లు పోయినవాళ్లకు గూడెం బయట రాయి నిలబెడతారు. పోయాడో లేదో తెలియని మనిషికి ఎవరు నిలబెడతారు? అరవై ఏళ్లు నాయనమ్మ అలాగే కాచుకుని కూర్చుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ములకలపల్లిలో టీచరు ఉద్యోగం వచ్చింది. "సదువుకున్నవ్ కద బిడ్డా, నేను పోకముందే గా సంగతేందో తేల్చు" అంది నాయనమ్మ. అదెంత పని అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఖమ్మంలో అడిగితే, అప్పట్లో ఇదంతా నిజాం కింద, మీ గూడెం భద్రాచలం వైపు, ఇంగ్లీషువాళ్ల కింద ఉండేది, అక్కడ వెతుక్కోండి అన్నారు. అప్పట్లో భద్రాచలం కలిసి ఉన్న గోదావరి కింది జిల్లాకు వెళితే, ఇప్పుడు మీరు ఖమ్మం కదా, అక్కడే అడగండి అన్నారు. రెండేళ్లు చెప్పులరిగాయి. చివరికి ఆఫీసరు సంతకం పెట్టినా, రికార్డు గది తాళం తీయడానికి గుమాస్తా నాలుగుసార్లు తిప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా.

దొరికింది. తాత పేరు, గూడెం పేరు, రెండూ సరిగ్గానే ఉన్నాయి. జ్వరంతో మృతి అని ఉంది. చివరి గడిలో, విచారించాము, వారసులు లేరు అని ఉంది.

ఒళ్లు మండిపోయింది. ఎవరిని విచారించారు? చెట్లనా?

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, ఎవరైనా వచ్చారా అని నాయనమ్మను అడిగాను.

"అవ్, ఒకడు వచ్చిండు. మళ్ల మనుషులను పట్టుకపోతరని మగోళ్లంత అడవిల పడ్డరు. కాగితం పట్టుకొని, నీ మొగుని పేరేందని ఆడోళ్లను ఒక్కొక్కరిని అడిగిండు. నేనెట్ల చెప్త?"

మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు, పక్కవాళ్లతో చెప్పించాలి. ఆ రోజు పక్కన ఉన్నవాళ్లు తోడికోడళ్లు, బావ పేరు వాళ్లూ పలకకూడదు. ఆ పేరు వాడి చేతిలోనే ఉంది! చదివి, ఇతని భార్య ఎవరు అంటే నాయనమ్మ తలూపేది. మగవాళ్లు అడవి నుంచి తిరిగొచ్చే సాయంత్రం దాకా ఆగినా సరిపోయేది. ఆగలేదు, లేరని గీకి పోయాడు.

"ఒక్కసారి పేరు చెప్తే నోరు పడిపోయేదా నీకు?" అని ఆమె మీదే అరిచాను. అరిచాక సిగ్గేసింది, కోపం మాత్రం పోలేదు.

నాయనమ్మ అడిగింది. "ఎప్పుడు పోయిండని రాసి ఉంది?"

"ఇక్కడినుంచి పోయిన రెండో నెలల్నే."

నాయనమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"మీ నాయినకు నడక వచ్చినంక ఒకాయన నన్ను అడిగిండు. మంచోడు. మారుమనువు మనల తప్పు గాదు. నా మొగుడు వస్తడని పంపేసిన. ఏడాదికి మళ్లొచ్చిండు. మళ్ల పంపేసిన. గప్పటికే లేడా బిడ్డా?"

"లేడు" అన్నాను.

నాయనమ్మ తిట్లు అందుకుంది. ఆ కాగితాలవాణ్ని తిడుతోందనుకుని నేనూ గొంతు కలిపాను. రెండు మాటలయ్యాక అర్థమైంది, తనను తానే తిట్టుకుంటోంది.