బత్తాయి మీద సూది

ఉదయగిరిలో మా అంగడి ఫ్రిజ్ తెరిస్తే పైన కూల్‌డ్రింకులు, కింద పెరుగు ప్యాకెట్లు, తలుపు అరలో పదకొండు ఇన్సులిన్ సీసాలు ఉండేవి. ప్రతి సీసాకీ తెల్ల ప్లాస్టర్ అంటించి, ఎవరిదేదో నేనే రాశాను. వీధిలో ఇంకెవరికీ ఫ్రిజ్ లేక కాదు. సూది వేసే మనిషి ఇక్కడుంది కాబట్టి సీసా కూడా ఇక్కడే ఉండాలని వాళ్ళ ఉద్దేశం. ఆ మనిషిని నేనే.

నెల్లూరులో నర్సింగ్ చదివి ఎనిమిది నెలలు ఉద్యోగం చేశాను. పెళ్ళయ్యాక ఉద్యోగం మాటెత్తితే అత్తగారింట్లో ఎవరూ వద్దనలేదు. "చూద్దాంలే" అన్నారు. వద్దంటే పోట్లాడొచ్చు. చూద్దాంలే అన్నవాళ్ళతో ఏమని పోట్లాడతాం? అలా చూస్తూ చూస్తూనే తొమ్మిదేళ్ళు గడిపేశారు.

మా అత్తకు షుగరు ముదిరి డాక్టరు ఇన్సులిన్ రాసిననాడు నేను లోలోపల సంతోషించాను. తప్పే, కానీ నిజం. నా చేతులకు మళ్ళీ పని దొరికింది. పొట్ట మీద చర్మం చిటికెడు పట్టుకుని, సూది నిలువుగా దించి, పది లెక్కబెట్టి తీశాను. "ఏసినావా?" అని అడిగింది ఆమె. మధ్యాహ్నానికల్లా ఆ కబురు వీధంతా పాకింది. "మా కోడలి హస్తవాసి మంచిది, నొప్పే తెలవదు" అని ఆమే ఇంటింటికీ చెప్పి వచ్చింది. మరుసటి వారం ఎదురింటి పెద్దాయన వచ్చాడు. రెండుసార్లు సర్పంచిగా చేసిన రైతు, ఊరి పంచాయితీల్లో ఆయన గొంతు లేస్తే మిగతావాళ్ళు నోరెత్తరు. సూది చూడగానే గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన వెనకాలే మిగతావాళ్ళు.

హస్తవాసి అనే మాట మొదట్లో నాకెంత ముద్దొచ్చిందో, తర్వాత అంత మండింది. మూడేళ్ళ చదువును తీసి గట్టున పెట్టేసే మాట అది. అది పుట్టుకతో చేతికి వచ్చేదట, ఒకరు నేర్పితే వచ్చేది కాదట. అలాంటప్పుడు ఆ చెయ్యి పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఆ అంగట్లో ఉండి తీరాలి. పైగా సూది వేయించుకున్నవాళ్ళు ఉత్త చేతులతో పోవడం బాగుండదని సబ్బో, కందిపప్పో కొనుక్కుపోయేవాళ్ళు. "నీ వల్ల గిరాకీ బాగుండాది" అని మా ఆయన మురిసిపోయేవాడు. పుట్టింటికి పోయి ఒక్క రాత్రి ఉండడం కూడా నాకు కుదరకుండా పోయింది.

రెండేళ్ళ కిందట కలువాయి నుంచి ఫోను వచ్చింది, మా నాయనకు ఒంట్లో బాగలేదని. పొద్దుటి సూదులు ముగించి, ఆత్మకూరులో బస్సు మారి, పన్నెండుకు చేరాను. నాయన మంచం మీద లేచి కూర్చుని నా చేత మజ్జిగ తాగాడు. మూడయ్యేసరికి నేను గడియారం వైపు చూస్తుంటే, "ఈ పూటకి ఉండరాదా?" అన్నాడు.

"సాయంత్రం పదకొండు మందికి సూదులెయ్యాల నాయనా."

"అయితే పోమ్మా. కాసుకోనుంటారు" అన్నాడు, కూతురి గొప్ప తలుచుకుంటూ.

దారిలో బస్సు చెడిపోయింది. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అందరూ అన్నాలు తినకుండా అంగడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. సందు చివరి అవ్వ మాత్రం లేదు. మా అత్త, "నాకీ పూట వద్దులే, ఆకలి గాలేదు" అంది. మర్నాడు నేను మళ్ళీ కలువాయికి పోయి రెండు రోజులుంటానంటే, కాఫీ గ్లాసు కింద పెట్టి, "మరి సూదులో?" అని ఒక్క మాట అడిగింది. నేను ఆగిపోయాను. నాలుగో రోజు నాయన పోయాడు.

ఆ వారమే ఫ్రిజ్‌లోంచి సందు చివరి అవ్వ సీసా మాయమైంది. ఆ ఇంట్లో కోడలే వేస్తోందని మా అత్త చెప్పింది. ఏడుపులో ఉన్నాను, నేనేం పట్టించుకోలేదు.

పోయిన ఏడాది నాతో చదివిన అమ్మాయి ఫోను చేసింది. ఆత్మకూరులో తను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు కావాలట, వచ్చేది కాక ఆపై సోమవారంలోగా చేరాలట. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం రావచ్చు. మా ఆయనకు చెబితే, "పో, నేను వద్దన్నానా? ఈళ్ళందరికీ ఎవురేస్తారో అది జెప్పి పో" అన్నాడు. అది తెగేది కాదని ఆయన ధీమా.

చేతిలో పది రోజులున్నాయి. కిలో బత్తాయిలు తెచ్చి అంగడి బల్ల మీద పెట్టి, సూదికి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ఒక కాయ, ఒక సిరంజి పెట్టాను. "మాకెందుకమ్మా ఈ చదువులు? నీ హస్తవాసి ఉండంగా" అన్నారు. "హస్తవాసి రేపట్నుంచి బస్సెక్కతాది" అన్నాను. సీసాను అరచేతుల మధ్య దొర్లించండి, ఊపొద్దు. తొక్కే చర్మమనుకోండి. నిలువుగా. ఒకటి, రెండు, మూడు. నాకొక అలవాటుంది, పది అనగానే "అంతే తల్లీ, అయిపాయె" అంటాను. ఎదురింటి పెద్దాయన మూడు రోజులు బత్తాయిని పొడవడానికి కూడా కళ్ళు మూసుకున్నాడు. నాలుగోనాడు తన పొట్టలో తానే వేసుకుని, ఎన్నికలో గెలిచినట్టు వీధిలోకి పోయి అందరికీ చెప్పుకున్నాడు. తొమ్మిది మంది నేర్చేసుకున్నారు. ఒక్కొక్క సీసా ఇల్లు చేరుతుంటే ఫ్రిజ్ తలుపు తేలికైంది, నాకూ ఊపిరాడింది.

మిగిలింది మా అత్త. సిరంజి చేతిలో పెడితే చాలు, చెయ్యి గజగజ వణికేది. సూది వంగేది, మందు చీర మీద కారేది. "నాకీ జన్మకి రాదు తల్లీ" అనేది. సోమవారం ఆసుపత్రికి ఫోను చేసి ఇంకొక్క వారం గడువు అడిగాను. "చూద్దాంలెండి" అన్నారు. ఆ మాట అక్కడా నన్ను వదల్లేదు.

గురువారం నాకొక ఆలోచన వచ్చింది. సందు చివరి అవ్వకు కోడలే కదా వేస్తోంది, ఆ అమ్మాయినే పొద్దున, సాయంత్రం మా అత్తకు కూడా వేసిపొమ్మని అడిగితే సరి. పోయేసరికి అవ్వ పీట మీద కూర్చుని తన పొట్టలో తానే సూది దించుకుంటోంది. పది దాకా లెక్కబెట్టి, "అంతే తల్లీ, అయిపాయె" అని తనకు తానే చెప్పుకుంది.

"ఎవురు నేర్పినారవ్వా?"

"ఇంకెవురు? మీ అత్త. నువ్వు మీ నాయన్ని జూసేదానికి పొయిన్నాడు బస్సు రాలా గదా. పూట దాటిపోతాదని నేను బయపడతా ఉంటే సీసా తీసుకోనొచ్చి ఏసింది. తనూ ఈడనే ఏసుకునింది. మర్నాటినుంచి బత్తాయి ఇచ్చి నేర్పిచ్చింది. నీకు చెప్పొద్దనింది. ఎందుకో మరి, నేనడగలా."

మరి సూదులో, అని అడిగిన ఆ పొద్దున ఆమెకు సూది వేయడం వచ్చు. నా మాటలతో సహా వచ్చు. నేను కలువాయికి పోయి ఉండవచ్చు.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే చీర కొంగు పక్కకు తీసి కూర్చుంది. నేను సిరంజి నింపి ఆమె చేతిలో పెట్టాను. "అవ్వ అంతా చెప్పిందత్తా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూడలేదు. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. చిటికెడు పట్టింది, నిలువుగా దించింది, పది లెక్కబెట్టింది.

"ఆ పొద్దు మా నాయన ఇంకా బతికే ఉన్నాడు" అన్నాను.

"అంత దాకా వచ్చిందని నాకు తెలవదు" అంది. సిరంజికి మూత పెట్టి, "నాకొచ్చునని తెలిస్తే నువ్వు పోతావు. మళ్ళ నా పక్కన ఎవురు కూచ్చుంటారు?" అంది.

ఆమె మీద జాలి కలిగింది. అయినా క్షమించలేదు. ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేస్తే, ముందురోజే వేరే అమ్మాయి చేరిపోయిందన్నారు.

ఆ తర్వాత నెలలు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. సూదికి ఎవరూ రారు. పొద్దున ఏడు నాది, సాయంత్రం ఏడు నాది. ఇప్పుడు కలువాయికి పోయి ఎన్ని రోజులైనా ఉండొచ్చు, కానీ ఉండమని అడిగే మనిషి అక్కడ లేడు. తాళం తీశాక కూడా గదిలోనే కూర్చున్న మనిషిలా ఉండిపోయాను.

మొన్న కొత్తగా షుగరు వచ్చిన ఒకామె చేజర్ల నుంచి మా అంగడికి వచ్చింది, ఇక్కడ సూది నేర్పుతారని ఎవరో చెప్పారట. మా అత్త ఆమె చేతిలో బత్తాయి పెట్టింది. నేను వంటింట్లో పాలు కాస్తూ వింటున్నాను. ఊపొద్దు, దొర్లించు. సూది పక్కకు వాలుతున్నట్టు నాకక్కడికే కనిపించి ఒకడుగు ముందుకు వేశాను. నేను పోయేలోపే "నిలువుగా" అని మా అత్త సరిచేసింది. పది లెక్కబెట్టించి, "అంతే తల్లీ, అయిపాయె" అంది.

"నీ హస్తవాసి మంచిదక్కా" అంది వచ్చినామె.

"హస్తవాసీ లేదు, ఏం లేదు. మా కోడలు నేర్పింది. ఆమె నర్సు."

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. పాలు దించి పెట్టి, ఆత్మకూరుకు ఫోను చేశాను. ఖాళీ వస్తే చూద్దామంది అవతలి గొంతు.

"చూసేది వద్దండీ, నేనే వస్తున్నా" అని చెప్పి, పది గంటల బస్సుకు బయల్దేరాను.