పండగకు ముందు తిన్న మామిడికాయ

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. అన్నం తింటున్నా, పాఠం చెబుతున్నా అది అక్కడే కదులుతూ ఉంటుంది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. అదీ పిరికితనమే. అయినా వినండి.

నేను యూనివర్సిటీలో సోషల్ వర్క్ చెబుతాను. పట్నం పుస్తకాల్లోని సేవ కాకుండా, కొండ ఊళ్లలో గిరిజనులు ఒకరినొకరు ఆదుకునే తీరునే పాఠంగా పెట్టి కొత్త కోర్సు తయారుచేసే పని నాకు అప్పగించారు. సాలూరు దాటాక కొండ మీద ఒక ఊరి పెద్దాయన మమ్మల్ని రానిచ్చాడు. ఒక్కటే షరతు. మామిడి కొత్త పండగ చేసి, తొలి కాయలు ముందు దేవతకు పెట్టి, ఊరంతా కలిసి తినేదాకా ఎవరూ కాయ ముట్టకూడదు. దాన్ని కోర్సులో మొదటి పాఠంగా రాసింది నేనే. పెద్దాయన మనవరాలు పార్వతి, అనుమతికి ముందు ప్రయోగంగా నడిపిన మా తొలి బ్యాచ్‌లో ఒకతె. ఆ ఊరి నుంచి అంత చదువుకు వచ్చిన మొదటి పిల్ల.

ఆ వేసవిలో విద్యార్థులను తీసుకుని ఊరికి వెళ్లాను. మధ్యాహ్నం బడి వెనక ఒక కాయ రాలింది. మాది పల్లంలో రైతు కుటుంబం, రాలిన కాయ కనిపిస్తే తీసి కొరకడం చిన్ననాటి అలవాటు. కొరికాను. సగం తిన్నాక షరతు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఏం చేశాను? మిగతా సగమూ తినేసి టెంక తుప్పల్లోకి విసిరాను. అలవాటు అన్న సాకు మొదటి సగానికే పనికొస్తుంది.

సాయంత్రం టెంక దొరికింది. పెద్దాయన మమ్మల్ని అనుమానించలేదు. మాటిచ్చినవాళ్లం కదా. మనవరాలి వైపు తిరిగాడు.

"ఏటే అమ్మీ, పట్నంలో సదివితే పండగ దాకా ఆగలేవా?"

పార్వతి తల దించుకుంది. తర్వాత బోరింగు దగ్గర నన్ను కలిసింది.

"మీరు తినడం సూసినాను మేడమ్. తాతకి మీరే సెప్తారని నానేటీ అన్లేదు."

"చెప్తానమ్మా. ముందు కోర్సుకి యూనివర్సిటీ అనుమతి రానీ. ఇప్పుడు చెబితే మనల్ని మళ్లీ ఊళ్లోకి రానివ్వరు."

"సెప్తారు కదా మేడమ్?"

"చెప్తాను."

చెప్పలేదు. పండగనాడు అందరూ వరసగా కూర్చుని కొత్త కాయ తింటుంటే, వరసలోకి రానివ్వని పార్వతి అరుగు మీద ఒక్కతే కూర్చుంది. అనుమతి వచ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఈలోగా నాకు పేరొచ్చింది, శాలువాలు కప్పారు, నోరు ఇంకా బిగుసుకుపోయింది. కోర్సు కోసమే ఊరుకున్నానని, ఎంతోమంది పిల్లల బాగు కోసమేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కోర్సు కోసమా, పరువు కోసమా? పరువు కోసమే. సిగ్గుగా ఉంది.

ఆ చదువే పిల్లని చెడగొట్టిందని ఇంట్లో పార్వతిని మళ్లీ పంపలేదు. ఆమె మాత్రం నా పేరు ఎవరికీ చెప్పలేదు. నా మాట నమ్మి ఎన్నాళ్లు ఎదురుచూసిందో!

నిరుడు పెద్దాయన పోయాడు. వెళ్లాను. పార్వతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ నీళ్లు తాగి వచ్చేశాను.

ఈ రాత ఆమె చదువును తిరిగి తేదు. తాత వినడు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. గొంతులోంచి ఆ మాట బయటపడితే చాలు. ఆ కాయ పార్వతి తినలేదు. నేను తిన్నాను.