శింగనమల నీడలు ఏ రంగు?

ఈ ప్రయాణానికి కారణం మా హాలు గోడ. కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని కర్నూలులో మా ఇంటికి వచ్చి, పట్టీ తీసి చూస్తే, పదేళ్ళుగా మీగడ రంగనుకున్న గోడ పాలలా తెల్లగా నిలబడి ఉంది. "గోడకు రంగు ఎప్పుడు వేయించావు?" అని మా ఆవిడను అడిగాను. "అది మొదట్నించీ తెలుపే," అంది. ఎడమకన్నుతో చూస్తే మళ్ళీ మీగడే. ఆ కంటికి ఆపరేషన్ వచ్చే నెల అన్నారు. అప్పటిదాకా నాకు రెండు లోకాలన్నమాట.

నేను చిత్రకళ విద్యార్థులకు రంగుల పాఠం చెప్పి రిటైరైన మాస్టారిని. ఆ సాయంత్రం పాత పెట్టె దించి, క్లాసులో చూపించే రంగుల చక్రం తీశాను. ఊదా గడి దగ్గర ఆగిపోయాను. కుడికంటికి అది నేరేడుపండు. ఎడమకంటికి బురద. పచ్చకామెర్లవాడి సామెతను ఎన్నిసార్లు క్లాసులో చెప్పి నవ్వించానో! అది నా మీదే పడుతుందని ఏనాడూ అనుకోలేదు.

అప్పుడు ఓబులేసు గుర్తొచ్చాడు.

తొమ్మిదేళ్ళ కిందట పిల్లల్ని అనంతపురం పక్క శింగనమల చెరువు దగ్గరికి బొమ్మలు వేయించడానికి తీసుకెళ్ళాను. ఓబులేసు ఎర్రనేల మీద తుమ్మచెట్ల నీడలు ఊదా రంగులో వేశాడు. నేను అతని చేతిలో కుంచె లాక్కుని, అందరి ముందూ ఆ నీడల మీద ముదురు మట్టిరంగు పులిమాను. "నీడకు రంగేంటి నాయనా? వెలుగు లేకపోవడమే నీడ. నేల రంగే కాస్త నల్లబడుతుంది, అంతే," అన్నాను. పిల్లలు నవ్వారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ తర్వాత చదువు ముగిసేదాకా ఓబులేసు ప్రతి కాగితం నా దగ్గరికి తెచ్చి, "ఈ రంగు సరేనా సార్?" అని అడిగేవాడు. దాన్ని నేను వినయం అనుకుని మురిసిపోయాను.

తప్పు నాదేనేమోనని అనుమానం వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆ నీడల్ని కొత్త కంటితో చూడాలి. ఓబులేసు వేసిందే నిజమైతే అతనికి ఆ మాట ముఖం మీద చెప్పాలి. అతను ధర్మవరంలో పట్టుదారానికి రంగులద్దుతున్నాడని తోటి మాస్టారు ఒకాయన చెప్పాడు. డాక్టరుగారు ప్రయాణం చేయొచ్చనగానే బయలుదేరాను.

ఉదయం ఆరూ పదికి కర్నూలులో బస్సు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: పొద్దున వెళ్ళేటప్పుడైనా, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడైనా కుడివైపు కిటికీయే పట్టుకోండి. బస్సు నీడ మీ పక్కనే పరుగెత్తుతుంది. డోన్ దాటేసరికి ఎండ పసుపుగా పరుచుకుంది. నేను ఒక కన్ను మూసి చూస్తాను, ఊరంతా పాత ఫొటో. రెండోది మూసి చూస్తాను, అదే ఊరు ఇప్పుడే కడిగి ఆరేసినట్టు. ఏది కలో ఏది మెలకువో తెలియని హాయిలో నేనుండగా గుత్తిలో కనకాంబరాల బుట్టతో ఒకావిడ ఎక్కి ఎదురు సీట్లో కూర్చుంది. ఆ పూల రంగు చూద్దామని ఎడమకన్ను మూశాను, తర్వాత కుడికన్ను మూశాను.

"ఏమప్పా, తెల్లెంటికలు వచ్చినాయి, కన్ను కొడతాండావే! సిగ్గులేదా?" అంది, బస్సంతా వినేలా.

"ఆపరేషనమ్మా, రంగులు చూసుకుంటున్నాను," అన్నాను.

"రంగులు చూస్తాండాడంట!" అని ఆవిడ పక్కామెకు చెప్పింది. కండక్టరు కూడా నవ్వాడు. అనంతపురం దాకా కళ్ళు రెండూ తెరుచుకుని బుద్ధిగా కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు దిగాను. బస్టాండు ఎదురు సందులో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఆ పక్కనే ఒక లాడ్జిలో గది దొరికింది. శుభ్రంగానే ఉంది కానీ నీళ్ళు పొద్దున ఏడింటికే ఆగిపోతాయి, ముందే పట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికి శింగనమల బస్సెక్కాను. బుక్కరాయసముద్రం చెరువు దాటాక దారికి రెండువైపులా ఎర్రనేల, ఎండిన వేరుశనగ చేలు, దూరంగా బోడి గుట్టలు. ఎడమకంటికి గుట్టలు కాల్చిన ఇటుకలు. కుడికంటికి అవి నీలంగా, బరువులేకుండా, నేలను వదిలి కాస్త పైకి లేచినట్టున్నాయి. దూరపు కొండలు నీలంగా కనిపిస్తాయని నేనే పాఠం చెప్పాను. కానీ పుస్తకంలోంచి చెప్పాను.

నాలుగున్నరకు చెరువు కట్ట మీదికి చేరాను. ఈసారి చెరువులో నీళ్ళు తక్కువ, పగుళ్ళిచ్చిన నేలే ఎక్కువ. తుమ్మచెట్లు ఉన్నాయి. వాటి నీడలు ఎర్రనేల మీద పొడుగ్గా పడుకుని ఉన్నాయి. ఎడమకన్ను మూశాను.

ఊదా. పలచగా, చల్లగా, ఎవరో ఇప్పుడే పూసి వెళ్ళినట్టు ఊదా. పసుపు ఎండ పడినచోట నీడ ఎదురు రంగులోకి జరుగుతుంది. రంగుల చక్రంలో పసుపుకు ఎదురుగా ఊదా ఉంటుందని బోర్డు మీద ఎన్నో ఏళ్ళు గీశాను. గీసిన చేత్తోనే ఓబులేసు నీడలను పులిమేశాను. సిగ్గేసింది. గట్టు మీద కూర్చున్నాను.

గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఆగాడు. "ఏం చూస్తాండావు సామీ? చెరువులో నీళ్ళు లేవు కదా."

"నీడలు చూస్తున్నానన్నా."

"నీడలో కూచోవాల గానీ చూసేదేముండాది?" అని గొర్రెల వెంట పోయాడు. పొద్దు వాలి ఊదా రంగు నేలలో ఇంకిపోయేదాకా అక్కడే ఉండి, ఆరున్నర బస్సుకు అనంతపురం చేరాను.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు ధర్మవరం. గంటకు పైగా పట్టింది. ఓబులేసు ఇంటి వెనక రేకుల షెడ్డు. పొయ్యి మీద రాగి డేగిశా, ఆవిరి, తడి పట్టు వాసన. అతను లావయ్యాడు, చేతులు మోచేతుల దాకా రంగులే. నన్ను చూసి కర్ర పక్కన పెట్టి, "సార్! మీరు ఈడికొచ్చినారా!" అని అక్కడే వంగి కాళ్ళకు మొక్కాడు. నా పంచె మీద ఐదు వేళ్ళ ఊదా ముద్ర పడింది.

డేగిశాలో ఉన్నది ఊదా రంగే. ఎవరో ఇచ్చిన పాత చీర ముక్కకు సరిపోయేలా కొత్త దారం అద్దుతున్నాడు. రెండు పోగులు పైకి తీసి, గుడ్డలో నొక్కి, ఆరబెట్టి చూపించాడు. "తడి రంగు అబద్ధం చెప్తాది సార్. ఆరితేనే నిజం." ఆ పోగుల్ని ఎర్ర దారం పక్కన పెట్టాడు. "అంచు ఎర్రది. ఎర్ర పక్కన ఊదా ఇంకా నీలంగా కనపడతాది. దాన్ని కూడా లెక్కేసుకోవాల. మీరు చెప్పిన పాఠమే కదా."

నా పాఠాల్లో ఒకటైనా బతికి ఉందన్నమాట.

అతను ఇంటివైపు తిరిగి, "సుజాతా!" అని కేకేశాడు. ఆమె అతని భార్య. పలకలేదు. "నీళ్ళకు పోయినట్టుండాది. రంగు సరిపోయినాదా లేదా ఆయమ్మ చెప్పాల సార్. ఆయమ్మ చెప్తేనే దారం బయటికి తీస్తా."

"నీకు తెలీదా?"

"తెలుస్తాది. కానీ నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. "ఆ పొద్దు శింగనమలలో మీరు దిద్దినారు కదా. అప్పట్నించి ఎవురో ఒకరు సరే అంటే గానీ ధైర్యం రాదు. అయినా మీరుండారు కదా, మీరే చూడండి సార్. లేటయితే నల్లబడిపోతాది."

పోగులు నా చేతిలో పెట్టాడు. ఎడమకంటికి బురద, కుడికంటికి నేరేడు. తొమ్మిదేళ్ళ కిందటి కుంచె మళ్ళీ నా చేతికొచ్చినట్టయింది.

"నేను చెప్పను ఓబులేసూ," అన్నాను. "నిన్న శింగనమల వెళ్ళి చూసొచ్చాను. నీడలు ఊదాగానే ఉన్నాయి. నువ్వు వేసిందే నిజం, నేను పులిమిందే తప్పు. నా కంట్లో పొర ఉందో లేదో అప్పుడు నాకు తెలీదు. కానీ నీకేం కనిపిస్తోందని అడక్కపోవడం కంటి తప్పు కాదు, నాది. క్షమించు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కనిపిస్తోంది?"

అతను నా చేతిలోంచి పోగులు తీసుకున్నాడు. ఆవిరి మా ఇద్దరి మధ్యా లేచిపోతోంది.

"నాకు ఆ పొద్దూ ఊదానే కనపడింది సార్," అన్నాడు. తర్వాత చీర ముక్కను వెలుగులోకి పట్టి చూశాడు. "దీనికి ఇంకొక్క మునక కావాల." దారాన్ని కర్రతో మళ్ళీ అడుగుదాకా ముంచి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టి, ఎవర్నీ పిలవకుండా పైకెత్తాడు. "చాలు." దారాన్ని పిండి దండెం మీద ఆరేశాడు.

సుజాత బిందెతో వచ్చేసరికి దారం ఆరుతోంది. చీర ముక్క పక్కన పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవురు చూసినారు దీన్ని? సారా?"

"నేనే," అన్నాడు ఓబులేసు.

ఆమె అతని ముఖంలోకి చూసి, "అయితే ఇంక నాకు తిప్పలు తప్పినాయి," అంది. ఆ మధ్యాహ్నం నాకు రాగిసంకటి, చెనక్కాయల చట్నీ రెండుసార్లు వడ్డించింది.

రెండున్నరకు ధర్మవరంలో బయలుదేరి, అనంతపురంలో గది ఖాళీ చేసి, నాలుగున్నరకు కర్నూలు బస్సు పట్టుకున్నాను. కుడివైపు కిటికీయే. బస్సు కదలబోతుండగా ఒకావిడ ఖాళీ బుట్టతో ఎక్కి, నన్ను చూసి ఆగింది. కనకాంబరాలావిడ.

"నువ్వేనా? ఇంకా రంగులు చూస్తాండావా?" అని నవ్వి పక్కనే కూర్చుంది.

ఎండ పల్చబడింది. గాలిమరలు గుట్టల మీద నిద్రలో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాయి. బస్సు నీడ ఎర్ర చేల మీదుగా, కంపచెట్ల మీదుగా మాతో పాటు సాగుతోంది. వచ్చే నెల తర్వాత నాకూ అందరిలాగే ఒకటే లోకం. పోయే లోకం మీద బెంగేమీ అనిపించలేదు. ఒక్కటే అడగాలనిపించింది.

"అమ్మా, ఆ బస్సు నీడ చూడు. దానిది ఏ రంగు?"

ఆవిడ నా మీదుగా వంగి చూసింది, అర నిమిషం కూడా కాదు.

"వంకాయ రంగు. ఆ మాత్రం కనపడ్లేదా? కండ్లకు ఆపరేషన్ చేయించుకోప్పా."

"ఒకటి అయిందమ్మా," అన్నాను. "రెండోది వచ్చే నెల."

"తొందరగా చేయించుకో," అంది, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటూ. గుత్తి వచ్చేదాకా నేను ఆ వంకాయ రంగు నీడనే చూస్తూ కూర్చున్నాను.