ఎర్రగీత మీద ముల్లు: అద్దంకి నుంచి గుంటూరు దాకా లారీలో

"ముల్లు అబద్ధం చెప్తోందే," అన్నాడు మా ఆయన.

"ముందు అన్నం తిను, చల్లారిపోతోంది," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆయన తినకుండానే లారీ ఎక్కాడు. చీమకుర్తిలో రాళ్లు ఎక్కిస్తుంటే గుండె పట్టుకుని కూలబడ్డాడని సాయంత్రానికి కబురొచ్చింది. ముల్లంటే లారీలో ఇంజను వేడి చూపించే మీటరు ముల్లు. అది లేని వేడిని చూపిస్తోందా, ఉన్న వేడిని దాస్తోందా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

లారీ ఆయనదీ మా మరిదిదీ పొత్తు. ఆయన పోయాక పాత డ్రైవరు మస్తానే నడుపుతున్నాడు. ఊరు దాటి కాస్త దూరం పోయేసరికల్లా ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కేస్తోంది. ఇంజను పోయింది, విప్పించినా దండగ అని మా మరిది తేల్చేసి, పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మన్నాడు. నా పొయ్యి వెలిగేది ఆ లారీ కిరాయితోనే. గుంటూరులో ఒక్కసారి చూపించనివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం అని బతిమాలాను. సరేనన్నాడు గానీ, కొనేవాడు మర్నాడే వస్తున్నాడన్నాడు.

గుంటూరు యార్డుకి మిరపకాయల లోడు దొరికింది. తెల్లవారగానే అద్దంకి దగ్గర మా ఊరి నుంచి బయల్దేరాం. నాతోపాటు మా వీధి కోటమ్మ కూడా కాబిన్లో ఎక్కింది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి గుంటూరు పోతోంది. మస్తాను చూపు రోడ్డు మీద కంటే మీటరు మీదే ఎక్కువ ఉంది.

"ఏరా మస్తానూ, బండి తోలుతున్నావా, మీటరుకి దణ్ణం పెడుతున్నావా?" అంది కోటమ్మ.

"గమ్మునుండు పిన్నీ. ఇంజను పేలితే ముందు ఎగిరేది నువ్వే."

మేదరమెట్ల రాకముందే ముల్లు ఎర్రగీత తాకింది. మస్తాను రోడ్డు పక్క బోరు దగ్గర ఆపి, బిందె అందుకున్నాడు. పాత నీళ్లు కొంత వదిలేసి చల్లటి బోరు నీళ్లు పోయడం అతనికి అలవాటు. ఈ దారిలో డ్రైవర్లందరూ చేసేదే. నేను దిగి, బానెట్ ఎత్తించి, రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టాను. కాలుతుందనుకున్నాను. దించి పక్కన పెట్టిన చారుగిన్నెలా గోరువెచ్చగా ఉంది.

"మస్తానూ, ఇది కాలడం లేదురా."

"నీ చేతికి తెలుసుద్దా అక్కా, మీటరుకి తెలుసుద్దా?"

"చేతికి తెలీకుండానే ఇన్నేళ్లు గంజి వార్చానా?"

"అన్నం వేరు, ఇంజను వేరు," అని నీళ్లు పోశాడు. ముల్లు మాత్రం ఎర్రగీత మీది నుంచి కదల్లేదు. నాకేమీ అర్థం కాలేదు. చల్లటి నీళ్లు పోసినా దిగనిది అదేం వేడి?

మార్టూరులో మళ్లీ ఆగాం. మళ్లీ బోరు, మళ్లీ బిందె. చిలకలూరిపేటలో ఇడ్లీ తిన్నాం. ఈ దారిన పోయేవాళ్లు అక్కడే తినేయడం మంచిది, గుంటూరు యార్డులోకి వెళ్లాక మిరప ఘాటుకి ముద్ద దిగదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సరుకు దిగింది. కోటమ్మ తన పని వెతుక్కుంటూ పోయింది, మేము ఆటోనగర్ పోయాం.

అక్కడి మేస్త్రీ నెరిసిన గడ్డం మనిషి. సంగతంతా విని, ఇంజనుకి బిగించిన బొటనవేలంత ఇత్తడి ముక్క చూపించాడు. దాన్ని సెన్సరు అంటారట. నీళ్లలో మునిగి ఉండి, ఎంత వేడి ఉందో తీగ ద్వారా మీటరుకి చెబుతుందట. ఆ తీగ ఊడదీశాడు. ముల్లు ఠక్కున కిందికి పడిపోయింది. తీగ కొసను ఇంజను ఇనుముకి తాకించాడు. ముల్లు ఎర్రగీత దాటిపోయింది.

"మీటరు బాగుంది, తీగా బాగుందమ్మా," అన్నాడు.

"మరి బాగాలేనిదేంటి?"

సెన్సరు విప్పి, తీగలు కలిపి, గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లలో ముంచాడు. ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. కొత్తది ముంచితే కిందే ఉంది. టీకొట్టు నుంచి తెప్పించిన వేణ్ణీళ్లలో పెడితే మెల్లగా పైకి లేచింది.

"ఇదమ్మా దొంగ," అని పాతది నా చేతిలో పెట్టాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంజను బాగున్నట్టే కదా అనుకున్నాను. కొత్తది బిగించి ఇంజను ఆన్ చేయించాడు. ముల్లు నెమ్మదిగా సగానికి వచ్చింది. అక్కడితో ఆగుతుందనుకుంటే సగం దాటి ఇంకా పైకి పోసాగింది. రేడియేటర్ మీద చెయ్యి పెట్టబోయి చురుక్కుమని తీసేసుకున్నాను.

"ఇదేంటయ్యా, ఇదీ దొంగేనా?"

"కాదమ్మా, ఇది నిజమే చెప్తోంది. ఆ పాతదాని చివర చూడు." ఇత్తడి మీద తెల్లగా, మా ఇంటి నీళ్లకాగు అడుగున కట్టినట్టే, సున్నప్పొర కట్టి ఉంది. "ఏం నీళ్లు పోస్తున్నారు?"

"బోరు నీళ్లే. ముల్లు లేచినప్పుడల్లా," అన్నాడు మస్తాను.

"అయితే రేడియేటర్ గొట్టాలన్నీ ఇట్టాగే పూడిపోయుంటాయి. పొద్దుటి చల్లగాలికి దారిలో తెలీలేదు గానీ, ఇక్కడ నిలబెట్టి తిప్పేసరికి బయటపడింది. ఊరికే లేచే ముల్లుని నమ్మి ఉప్పునీళ్లు పోసీ పోసీ లేని జబ్బు తెచ్చారు. దీనికి ఇంజను విప్పక్కర్లేదు. గొట్టాలు శుభ్రం చేయిస్తే చాలు."

మస్తాను తల దించుకున్నాడు. "ముల్లు అబద్ధమని అన్న చెప్పినా నేను నమ్మలేదక్కా," అన్నాడు. నమ్మి ఉంటే మాత్రం ఏం చేసేవాడు? ఆయనైనా రోజూ ఆ బిందెతో పోసినవాడే కదా.

ఎస్టీడీ బూత్ నుంచి మా మరిదికి ఫోన్ చేశాను. "కొనేవాణ్ణి పంపించెయ్. ఇంజను బాగుంది."

"మేస్త్రీలు లక్ష మాటలు చెప్తారొదినా."

"రేపు సాయంత్రం మేదరమెట్లకొచ్చి నువ్వే చూడు. నీ కళ్లతో చూశాకే మాట్లాడు."

రేడియేటర్ విప్పి, గొట్టాల్లో సన్నటి కడ్డీలు దూర్చి తోముతారు. ఆ పని మర్నాడు మధ్యాహ్నానికి గానీ కాలేదు. ఆ రాత్రికి యార్డు దగ్గర సత్రంలో చాప దొరికింది, పడుకున్నాను. ఆడవాళ్లకు విడిగా గది ఉంది, ఒంటరిగా వెళ్లినా భయం లేదు.

వచ్చేటప్పుడు మేదరమెట్ల దాకా ఎక్కడా ఆగలేదు. ముల్లు సగం దగ్గరే నిలబడి ఉంది. మస్తానుకి మాత్రం బోరు కనపడిన ప్రతిచోటా కాలు బ్రేకు మీదికి పోతోంది. "తోలవయ్యా," అంటూనే ఉన్నాను. నాకూ మనసులో భయమే. ఒకసారి అబద్ధం చెప్పినదాని చోట కూర్చున్న కొత్తదాన్ని ఎంతవరకు నమ్మాలి?

మేదరమెట్లలో మా మరిది బస్సు దిగి నిలబడి ఉన్నాడు. నేరుగా ఎక్కి కూర్చున్నాడు. అద్దంకి దాకా మీటరు మీంచి కళ్లు తిప్పలేదు.

"ఇదీ అబద్ధం చెప్తే ఏంటొదినా?"

"దిగి చెయ్యి పెట్టి చూడు."

మస్తాను ఆపాడు. మా మరిది దిగి, బానెట్ ఎత్తి, ముందు వేలు తాకించి, తర్వాత అరచెయ్యి పెట్టాడు. వేడి ఉంది. కానీ తాళగలిగేంతే. బానెట్ దించి వచ్చి ఎక్కాడు.

"రేపు చీమకుర్తి లోడుందంట. పంపిద్దాం," అన్నాడు.

లారీల వాళ్లు ఎవరైనా ఇది చదివితే, ముల్లుతోపాటు చెయ్యి కూడా వాడండి. పోసేది మంచినీళ్లేనా అని చూసుకోండి. నా మట్టుకు నాకు ఈ ముల్లు సంగతి ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అయినా బండి ఇంటికి వచ్చింది.

సుజాతా, ఆ నీళ్ల సంగతి నేను చెప్పినట్టే సరిగ్గా రాశావా? ఒకసారి నాకు చదివి వినిపించవే.