మేం చూసింది పట్నం వచ్చే వైపు రోడ్డు

సూర్యాపేటలో ఈ రోజు మా చెల్లి కొత్త ఇంటి ప్రతిష్ఠ. అమ్మ లేదు కాబట్టి, పెద్దదాన్ని నేనే తలుపు తీయాలని దాని కోరిక. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, అమీర్‌పేటలో మా గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడ్డాను.

పంజాగుట్ట నుంచి తమ్ముడు కారు తెచ్చాడు గానీ, సోఫాలోంచి లేవలేదు. విజయవాడ హైవే మీది టోల్‌గేటును లైవ్‌లో చూపించే కెమెరా వాడి ఫోన్‌లో వస్తుంది. వరుస సెలవులు ముగిసిన రోజు. తెర నిండా కార్లే, ఒక్కటీ కదలడం లేదు.

"జర ఆగక్కా. జామ్ తగ్గినంక పోదాం. ఆడ ఎండల కూసునుడు ఎందుకు?"

ఆగాం. రెండుసార్లు టీ తాగాం. చివరికి చెల్లే ఫోన్ చేసింది.

"యాడిదాంక వచ్చిన్రక్కా? పాస్టర్‌గారు వేరే మీటింగ్‌కు పోవాలంటున్నరు."

"రోడ్డంతా జామున్నదంటమ్మా."

"అది పట్నం పోయే దిక్కు! ఇటొచ్చే రోడ్డు ఖాళీగున్నది. మామోళ్లు పట్నం నుంచి ఇప్పుడే వచ్చిన్రు."

తమ్ముడు ఫోన్ మళ్ళీ చూసుకుని, తాళాలు తీసుకున్నాడు.

మేం చేరేసరికి పాస్టర్‌గారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. చుట్టాలు షామియానా కింద భోజనాలు చేస్తున్నారు. చెల్లి మాత్రం మూసిన తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నువ్వు రాకుంట ఎట్ల తీస్తనక్కా?" అంది.

"ప్రభువా, వచ్చాం" అని తలుపు తోశాను.

ఇప్పుడు తిరిగి రావాలి. ఈసారి ఆ జామ్ నిజంగా మాదే. ఆ రోడ్డు మీద ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోమంటారా?